పాసుబుక్కులో పేరు, పొలంలో మనిషి

ఇవాళ ఒక్క సంగతే మాట్లాడుకుందాం. ఆపద వచ్చినప్పుడు సర్కారు రైతుకు పైసలు ఇస్తుంది. ఆ పైసలు కొందరి ఖాతాలో పడతాయి. కొందరి ఖాతాలో పడవు. పక్కపక్క పొలాలే. ఒకటే ఎండ, ఒకటే వాన, ఒకటే నష్టం. అయినా ఒకరికి వస్తాయి, ఇంకొకరికి రావు. ఎందుకు?

జవాబు కోసం కరోనా కాలానికి పోదాం. దూరం కూడా వద్దు. హైదరాబాదు నుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి ఎక్కితే శామీర్‌పేట వస్తుంది. చెరువు దాటి ముందుకు పోతే తుర్కపల్లి, ఆ పక్కన లాల్‌గడి మలక్‌పేట్. ఒకవైపు జీనోమ్ వ్యాలీ కంపెనీలు. ఒకవైపు వెంచర్లు, ఫామ్‌హౌసులు. వాటి నడుమ ఇంకా మిగిలిన వరి మడులు, కూరగాయల తోటలు, బంతి, చామంతి. తుర్కపల్లిలోని భారత్ బయోటెక్‌లోనే కొవాక్సిన్ తయారైంది. 2020 నవంబరు 28న ప్రధానమంత్రి వచ్చి చూసి వెళ్లారు. 2021 జనవరి 3న ఆ టీకాకు అత్యవసర అనుమతి వచ్చింది. టీకా కథ మీరు చాలాసార్లు విన్నారు. టీకా కంపెనీ గోడకు ఇవతల తోటలో ఉన్న మనిషి కథ ఇవాళ విందాం.

2020 మార్చి నెల గుర్తు తెచ్చుకోండి. 22న జనతా కర్ఫ్యూ. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. వ్యవసాయానికి మినహాయింపు ఉంది అన్నారు. నిజమే, ఉంది. పొలానికి పోవచ్చు, కోత కోయవచ్చు. కానీ కోసింది ఎవరికి అమ్మాలి? పట్నానికి దగ్గరగా ఉన్న ఊళ్లకు అసలు దెబ్బ అక్కడే తగిలింది. ఈ ఊళ్ల రాబడి పట్నం మీదే నడుస్తుంది. హోటళ్లు మూతపడ్డాయి. టమాటా, కొత్తిమీర కొనే పెద్ద గిరాకీ పోయింది. పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. గుళ్లు మూశారు. పూలు ఎవరు కొంటారు? వరి వేసినవాళ్లకు సర్కారు ఊళ్లలోనే కొనుగోలు కేంద్రాలు పెట్టింది. టోకెన్లు ఇచ్చి, తేదీ చెప్పి కాంటా పెట్టించింది. ‘ఏ’ గ్రేడు వడ్లకు క్వింటాలుకు 1835 రూపాయలు. తరుగు తీశారని, లారీలు రాలేదని, బస్తాలు దొరకలేదని గొడవలు జరిగాయి. అయినా వడ్లకు ఒక ధర అంటూ ఉంది. బంతిపూలకు మద్దతు ధర లేదు. కొత్తిమీరకు కొనుగోలు కేంద్రం లేదు. ఇది మనసులో పెట్టుకోండి. ముందుకు పోయాక పనికొస్తుంది.

ఆ ఎండాకాలం ఏ ఊళ్లో చూసినా ఒకటే మాట. ‘పైసలు పడ్డయా?’ సెల్లులో మెసేజ్ మోగితే చాలు, ఇల్లంతా తొంగిచూసేది.

ఏ పైసలు? ఒక్కొక్కటి నెమ్మదిగా చెబుతాను.

మొదట ఢిల్లీ పైసలు. మార్చి 26న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఒక ప్యాకేజీ ప్రకటించారు. 1 లక్షా 70 వేల కోట్ల రూపాయలది. అందులో రైతుల పేరు మీద ఉన్నది పీఎం కిసాన్. ఏప్రిల్ మొదటి వారంలోనే 8 కోట్ల 70 లక్షల మంది రైతులకు తలా 2000 రూపాయలు వేస్తామన్నారు. వేశారు కూడా. కానీ ఒక్క మాట. ఈ 2000 కొత్త పైసలు కావు. పీఎం కిసాన్ 2019 ఫిబ్రవరిలోనే మొదలైంది. ఏడాదికి 6000, మూడు విడతలు. ఏప్రిల్ నుంచి జులై లోపు ఎప్పుడో రావాల్సిన విడతను ముందుగా ఏప్రిల్‌లో వేశారు. అవసరానికి చేతికి అందింది, అది మంచిదే. కానీ అప్పటికే మనకు రావాల్సినవే అవి. కరోనా కోసం కొత్తగా ఇచ్చినవి కావు.

రెండోది జన్‌ధన్ పైసలు. ఆడవాళ్ల జన్‌ధన్ ఖాతాల్లో నెలకు 500. ఏప్రిల్, మే, జూన్, మూడు నెలలు. మొత్తం 1500. ఇవి కొత్తవే. ఇందులో ఒక మెలిక ఉంది. జన్‌ధన్ ఖాతా అంటే 2014 నుంచి ఆ పథకం కింద తెరిచిన ఖాతా. అదే బ్యాంకులో మామూలు సేవింగ్స్ ఖాతా ఉన్న అక్కకు రాలేదు. ఇద్దరి చేతిలోనూ ఒకే రంగు పాసుబుక్కు. ఒకరికి వచ్చింది, ఒకరికి రాలేదు. బ్యాంకుల ముందు జనం గుమిగూడకుండా ఖాతా నంబరు చివరి అంకెను బట్టి రోజులు పంచారు. చివర సున్నా గానీ ఒకటి గానీ ఉంటే ఏప్రిల్ 3న రమ్మన్నారు. అయినా జనం ఆగలేదు. తీసుకోకపోతే వెనక్కి పోతాయని పుకారు పుట్టింది. పోవు అని మంత్రులు, అధికారులు చెప్పాల్సి వచ్చింది.

మూడోది రాష్ట్రం పైసలు. తెల్ల రేషన్ కార్డు ఉంటే మనిషికి 12 కిలోల బియ్యం. ఇంటికి 1500 రూపాయలు. 87 లక్షల పైచిలుకు కార్డులు. ఏప్రిల్ 14న దాదాపు 74 లక్షల కుటుంబాల ఖాతాల్లో 1500 పడ్డాయి. మే నెలకు మరో 1500. బ్యాంకు ఖాతా లేనివాళ్లకు పోస్టాఫీసులో ఇచ్చారు. ఇవీ కొత్త పైసలే. కానీ ఇవి కార్డు చూసి ఇచ్చినవి. రైతు అని ఇచ్చినవి కావు.

నాలుగోది, అన్నిటికన్నా పెద్దది, రైతుబంధు. 2018 మే 10న మొదలైంది. మొదట పంటకు ఎకరానికి 4000, తర్వాత 5000. కరోనా ఏడాది జూన్‌లో, వానాకాలం విత్తనాల వేళకు, ఎకరానికి 5000 చొప్పున ఖాతాల్లో వేశారు. అందుకు 7000 కోట్లు. అదే మే నెలలో 25 వేల లోపు పంట రుణాల మాఫీకి మరో 1210 కోట్లు. ఇవి కూడా లెక్క ప్రకారం కొత్తవి కావు. రైతుబంధు ముందు నుంచీ ఉన్నదే. మాఫీ 2018 ఎన్నికల్లో ఇచ్చిన మాట. ఖజానాకు రాబడి పడిపోయి, ఉద్యోగుల జీతాల్లో కూడా కోత పెట్టిన రోజుల్లో ఈ పైసలు ఆపకుండా ఇవ్వడం చిన్న సంగతి కాదు. అది ఒప్పుకోవాలి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. కాగితం అక్కర్లేదు, చెవితో వింటే చాలు.

లాల్‌గడి మలక్‌పేట్‌లో ఒక రైతు ఉన్నాడనుకోండి. ఊహకే. రెండెకరాల పట్టా. పాసుబుక్కు ఆయన పేరు మీదే. తెల్ల కార్డు ఉంది. భార్యకు జన్‌ధన్ ఖాతా ఉంది. ఆయనకు పీఎం కిసాన్ 2000. రైతుబంధు రెండెకరాలకు 10 వేలు. రాష్ట్రం ఇచ్చిన 1500, రెండుసార్లు, 3000. జన్‌ధన్ 1500. మొత్తం ఎంత? 16 వేల 500.

ఇప్పుడు ఆయన పక్కన ఇంకో మనిషి. ఆయనా రెండెకరాలే చేస్తున్నాడు. కానీ కౌలుకు. పట్టా ఉన్నాయన పట్నంలో ఉంటాడు. ఈయన కౌలు కట్టాడు, విత్తనం తెచ్చాడు, మందు కొట్టాడు, పూలు పండించాడు. పూలు తోటలోనే ఎండిపోయాయి. ఈయనకు పీఎం కిసాన్? లేదు. రైతుబంధు? లేదు. కార్డు ఉంటే 3000, భార్యకు జన్‌ధన్ ఉంటే 1500. మొత్తం 4500.

ఇంకొకాయన్ని కూడా చూద్దాం. పది ఎకరాల పట్టాదారు. పొలం బీడు. ఆ ఏడాది ఒక్క గింజ వేయలేదు. నష్టం ఏమీ లేదు. రైతుబంధు 50 వేలు. ఎందుకంటే రైతుబంధుకు ఎకరాల పరిమితి లేదు. సాగు చేశారా లేదా అనే తనిఖీ కూడా అప్పుడు లేదు. శామీర్‌పేట చుట్టూ ఎన్ని ఎకరాలు ప్లాట్లకు రాళ్లు పాతుకుని ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

మళ్లీ చెబుతాను. పూలు ఎండిపోయిన కౌలు రైతుకు 4500. విత్తనమే వేయని పది ఎకరాల యజమానికి 50 వేలు. ఎవరో దొంగతనం చేశారని నేను అనడం లేదు. రూలు ప్రకారమే జరిగింది. ఆ రూలు నష్టాన్ని చూడలేదు. పాసుబుక్కును చూసింది. నా ఉద్దేశంలో అసలు లోపం అదే.

ఎందుకు అలా అయింది? ఇది అర్థం కావాలంటే మన చెరువు తూము దగ్గరికి రండి. తూము ఎత్తితే నీళ్లు ఎటు పోతాయి? కాల్వ ఉన్న వైపు పోతాయి. ఎండిన మడి ఏదో వెతుక్కుంటూ పోవు. కాల్వ ఎప్పుడు తవ్వాలి? ఎండాకాలం తవ్వాలి. తూము ఎత్తిన రోజు గడ్డపార పట్టుకుంటే మన మడికి తడి అందదు. కరోనా అప్పుడు సర్కారుకు కొత్త కాల్వలు తవ్వే తీరిక లేదు. అప్పటికే తవ్వి ఉన్న వాటిలోకే వదిలింది. పీఎం కిసాన్ ఒక కాల్వ. రైతుబంధు ఒక కాల్వ. జన్‌ధన్ ఒకటి, రేషన్ కార్డు ఒకటి. వాటి ఒడ్డున ఉన్నవాళ్ల పొలం తడిసింది.

కాబట్టి ఇవాళ గుర్తు పెట్టుకోవాల్సిన మాట ఇదే. ఆపద పైసలు పాత దారుల్లోనే వస్తాయి. ఆ దారిలో మన పేరు ముందే ఉండాలి.

పేరు ఉండటం అంటే ఏమిటి? పాసుబుక్కులో ఉంటే సరిపోతుందా? సరిపోదు. ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను. చాలామందికి పైసలు ఆగింది ఇక్కడే.

మొదట పాసుబుక్కు సంగతే చూద్దాం. 2017 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా రాష్ట్రంలో భూ రికార్డుల ప్రక్షాళన జరిగింది. తగాదా లేని భూమిని పార్ట్ ఏ అన్నారు. తగాదా ఉన్నదాన్ని పార్ట్ బీలో వేశారు. పార్ట్ బీలో పడితే కొత్త పాసుబుక్కు లేదు. పాసుబుక్కు లేకపోతే రైతుబంధు లేదు. పట్నం అంచున ఉన్న మండలాల్లో భూమి విలువ ఎక్కువ, తగాదాలూ ఎక్కువ. ఆ తర్వాత భూ రికార్డులు, రిజిస్ట్రేషన్ల కోసం ధరణి వచ్చింది. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్‌ను అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభించింది ఎక్కడో కాదు, ఇక్కడే, మన మేడ్చల్ జిల్లా మూడుచింతలపల్లిలో. అంతకు ముందు సెప్టెంబరు 8 నుంచి రిజిస్ట్రేషన్లు ఆపేశారు. వీఆర్వో వ్యవస్థను రద్దు చేశారు. నవంబరు 2 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులోనే మొదలైంది. అంటే ఆ వానాకాలంలో తండ్రి చనిపోయిన ఇంట్లో పరిస్థితి ఏమిటి? కొడుకుల పేరు మీదికి భూమి ఎక్కించుకోవడానికి కొన్ని వారాల పాటు తలుపులే మూసి ఉన్నాయి. ఇప్పుడు ధరణి పోయి భూభారతి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో. పేరు మారింది, కొన్ని దారులు కొత్తగా తెరిచారు. పని మాత్రం మనదే.

ఆ పని ఏమిటంటే విరాసత్. కొందరు ఫౌతి అంటారు. ఇంటి పెద్ద పోయాక భూమిని వారసుల పేరు మీదికి మార్చుకోవడం. మన ఊళ్లలో దీన్ని వాయిదా వేస్తారు. ‘అన్నదమ్ములం కలిసే ఉన్నం గదా, తొందరేంది?’ అంటారు. కలిసి ఉండటం మంచిదే. కానీ పోయిన మనిషి పేరు మీద పైసలు పడవు. పడితే అది ఇంకో తలనొప్పి, తిరిగి కట్టమంటారు. మన ఇంట్లో ఎవరి మధ్యా తగాదా లేనప్పుడే విరాసత్ చేయించుకోవడం తేలిక. తగాదా వచ్చాక ఎంత కష్టమో కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లను అడగండి.

పీఎం కిసాన్‌కు ఇంకో గీత ఉంది. 2019 ఫిబ్రవరి 1. ఆ తేదీ నాటికి భూమి ఎవరి పేరు మీద ఉందో వాళ్లకే. తర్వాత కొన్నా, తండ్రి బతికుండగా గిఫ్ట్ ఇచ్చినా, ఆ భూమి మీద పీఎం కిసాన్ రాదు. తండ్రి పోయి వారసత్వంగా వస్తే మాత్రం వస్తుంది. ఇది చాలామందికి తెలియదు. తెలియక మీసేవ చుట్టూ తిరుగుతారు. ఇంకో తేడా కూడా వినండి. పీఎం కిసాన్‌లో భార్య, భర్త, చిన్న పిల్లలు కలిపి ఒక కుటుంబం, ఒకటే సాయం. రైతుబంధు అలా కాదు, పాసుబుక్కు ఎవరి పేరున ఉంటే వాళ్లకు వచ్చేది.

ఇక బ్యాంకు ఖాతా. ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. 2020 ఏప్రిల్ 1న, సరిగ్గా లాక్‌డౌన్ నడుమ, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసింది. అంతకు మూడేళ్ల ముందు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసిపోయింది. మన ఊళ్లలో ఎక్కువ మంది ఖాతాలు ఈ బ్యాంకుల్లోనే కదా. పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు కొంతకాలం నడిచాయి, తర్వాత ఆగాయి. వ్యవసాయ శాఖ దగ్గర పాత కోడ్ అలాగే ఉండిపోతే పైసలు బయలుదేరతాయి, దారి దొరక్క వెనక్కి వస్తాయి. రైతు మాత్రం ‘నాకు రాలేదు’ అని కూర్చుంటాడు. తప్పు ఎక్కడుందో ఆయనకు ఎవరూ చెప్పరు.

ఆధార్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. రైతుబంధు మీరు వ్యవసాయ విస్తరణ అధికారికి, అంటే ఏఈవోకు, రాసిచ్చిన ఖాతా నంబరుకు పోయేది. పీఎం కిసాన్ లాంటివి ఆధార్ దారిలో వస్తాయి. ఆధార్ దారి అంటే? మీ ఆధార్ చివరిసారి ఏ ఖాతాకు అనుసంధానం అయిందో, ఆ ఖాతాకే. మీకు మూడు ఖాతాలు ఉన్నాయనుకోండి. గ్యాస్ సబ్సిడీ కోసమని ఎప్పుడో ఒకటి తెరిచారు. దానికి ఆధార్ ఇచ్చారు, మరిచిపోయారు. పీఎం కిసాన్ పైసలు నెమ్మదిగా అందులో పడుతూనే ఉంటాయి. మీరు మాత్రం ఇంకో బ్యాంకు ముందు నిలబడి పాసుబుక్కు ప్రింటు వేయించుకుంటూ ఉంటారు. కాబట్టి బ్యాంకుకు పోయినప్పుడు ‘పైసలు పడ్డయా’ అని అడిగి ఊరుకోకండి. ‘నా ఆధార్ ఏ ఖాతాకు లింకయి ఉంది?’ అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న చాలా తిరుగుళ్లు తగ్గిస్తుంది. పీఎం కిసాన్‌కు ఈకేవైసీ కూడా తప్పనిసరి. చేయించకపోతే విడత ఆగుతుంది. సందేహం ఉంటే హెల్ప్‌లైన్ నంబరు 155261. మళ్లీ చెబుతున్నాను, 1 5 5 2 6 1.

కరోనా కాలపు పెద్ద సాయం ఒకటి నేను ఇంకా చెప్పలేదు. దాని పేరులో కరోనా లేదు. అది రైతుబీమా. 2018 ఆగస్టు 15న మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు ఏ కారణం చేత చనిపోయినా నామినీకి 5 లక్షలు. ప్రీమియం సర్కారే కడుతుంది. గుంట భూమి ఉన్నా చాలు. ఏ కారణం చేత అయినా అన్నాను కదా, కరోనాతో పోయినా అంతే. 2021 ఎండాకాలం రెండో వేవ్ గుర్తుంది కదా. ఆ రోజుల్లో ఇంటి దిక్కు పోయిన కుటుంబాలకు ఈ 5 లక్షలు ఎంత ఆసరానో ఊహించుకోండి. కరోనా మృతుల కుటుంబాలకు, సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత, 50 వేల పరిహారం విడిగా వచ్చింది. అది రైతులకే కాదు, అందరికీ.

కానీ రైతుబీమాలో ఒక సందు ఉంది. మన ఇళ్లలో చాలా వాటిలో ఇదే కథ. తండ్రికి 65 ఏళ్లు. పాసుబుక్కు ఆయన పేరు మీద. వయసు దాటింది కాబట్టి ఆయనకు బీమా లేదు. కొడుక్కి 35 ఏళ్లు. సాగు చేసేది, బోరు దగ్గర రాత్రిళ్లు కాపలా ఉండేది కొడుకు. ఆయన పేరు మీద గుంట కూడా లేదు. ఆయనకూ బీమా లేదు. ఇల్లంతా వ్యవసాయం మీదే ఉంది, బీమా మాత్రం ఎవరికీ లేదు. దీనికి ఒక మార్గం, తండ్రి కొన్ని గుంటలైనా కొడుకు పేరు మీద చేయడం. మొత్తం చేయకండి. మొత్తం చేస్తే ఇందాక చెప్పిన 2019 ఫిబ్రవరి 1 గీత అడ్డొస్తుంది, పీఎం కిసాన్ పోతుంది. తండ్రి పేరు మీద కొంత ఉంచి, కొడుకు పేరు మీద కొంత చేయడం మేలు. చేసే ముందు ఏఈవోను, తహసీల్దార్ ఆఫీసును ఒకసారి అడగండి. బీమా సంవత్సరం ఆగస్టు నడుమ మొదలవుతుంది. కొత్తవాళ్ల పేర్లు తీసుకునేది ఆ రోజుల్లోనే. పంట పనుల హడావుడిలో ఆ తేదీ జారిపోతుంది.

ఇంతవరకు పట్టా ఉన్నవాళ్ల సంగతి. పట్టా లేనివాళ్లకు ఏం చెప్పాలి? పేరు సరిచూసుకోండి అంటే కౌలు రైతు నవ్వుతాడు. సరిచూసుకోవడానికి ఆయన పేరు ఎక్కడుంది?

పక్క రాష్ట్రం ఏం చేసిందో చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. 11 నెలల కౌలు ఒప్పందానికి సాగుదారు కార్డు ఇస్తారు. అక్కడ అప్పటి రైతు భరోసా పథకంలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులను కలిపారు. ఏడాదికి 13,500 ఇచ్చారు. అందరికీ అందిందని నేను అనను. కార్డు మీద యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానికి భయం. అయినా కౌలు రైతు కోసం ఒక గడి అంటూ కాగితం మీద పెట్టారు.

ఇంకాస్త దూరం పోదాం. అదే 2020 ఏప్రిల్‌లో అమెరికా సర్కారు రైతులకు 19 బిలియన్ డాలర్ల కరోనా సాయం ప్రకటించింది. అందులో 16 బిలియన్లు నేరుగా రైతుల చేతికి. అక్కడ కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కౌంటీ వ్యవసాయ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. ఏ పంట, ఎంత పంట, ఎన్ని పశువులు అని రాసివ్వాలి. పంట నష్టంలో భాగం మోసే మనిషి అయితే చాలు, భూమి సొంతమా కౌలా అన్నది అడ్డం కాదు. అక్కడా తప్పులున్నాయి. పెద్ద కమతాలకు పెద్ద మొత్తం పోయిందని అక్కడా గొడవ అయింది. కానీ వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న ‘నీకు ఏం నష్టం వచ్చింది?’ మనవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న ‘నీ పాసుబుక్కు నంబరు ఎంత?’ మనవాళ్ల ప్రశ్న అడగడం సులువు. కంప్యూటర్లో నొక్కితే జవాబు వస్తుంది. వాళ్ల ప్రశ్నకు జవాబు కావాలంటే మనిషి పొలం దాకా నడవాలి. అందుకే మన పైసలు త్వరగా వచ్చాయి, తప్పు చోటికీ వచ్చాయి.

ఇప్పటి సంగతి. 2025 జనవరి 26 నుంచి మన రాష్ట్రంలో రైతుబంధు స్థానంలో రైతు భరోసా వచ్చింది. ఎకరానికి ఏడాదికి 12 వేలు. సాగుకు పనికొచ్చే భూమికే ఇస్తామన్నారు. ప్లాట్లకు, వెంచర్లకు ఇవ్వబోమన్నారు. బాగుంది, చాలా ఆలస్యంగా అయినా. కానీ కౌలు రైతుకు ఇందులోనూ చోటు రాలేదు. భూమి లేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పెట్టారు, ఏడాదికి 12 వేలు. దానికి షరతు ఏమిటి? 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి హామీ పని చేసి ఉండాలి. ఉపాధి హామీ పని గ్రామ పంచాయతీల్లోనే ఉంటుంది. మునిసిపాలిటీలో ఉండదు. మేడ్చల్ వైపు ఊళ్లు ఒక్కొక్కటిగా మునిసిపాలిటీల్లో కలుస్తూ వచ్చాయి. ఊరు పట్నంలో కలిసింది, కానీ కూలి మనిషి చేసే పని ఇంకా కలుపు తీయడమే. ఆ మనిషి ఏ లెక్కలోకి వస్తుంది? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. అక్కడ రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగితే గాల్లో పోతుంది. రాసిచ్చి రశీదు తీసుకోండి.

కౌలుదారులు తమ చేతిలో ఉన్నంత మేరకు ఒక పని చేయవచ్చు. ఏఈవో పంట నమోదుకు వచ్చినప్పుడు పొలంలో మీరు ఉండండి. సాగు చేస్తున్నది మీరేనని చెప్పండి, రాయమని అడగండి. దానివల్ల రేపే పైసలు వస్తాయని కాదు. మీరు పండించారని ఒక రాత మిగులుతుంది. 2011లో వచ్చిన ఒక చట్టం కింద కౌలు రైతుకు రుణ అర్హత కార్డు అని ఒకటి ఉంది. అది మూలన పడింది. నలుగురు కలిసి తహసీల్దార్‌ను అడగండి. యజమానికి కూడా చెప్పండి, ఆ కార్డు వల్ల ఆయన పట్టాకు ఏ ముప్పూ లేదని చట్టంలోనే ఉంది.

సమయం దగ్గర పడింది. ఒక చిన్న పని చెప్పి ముగిస్తాను. ఇవాళ రాత్రి అన్నం తిన్నాక పాసుబుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడూ పక్కపక్కన పెట్టండి. చదువుకునే పిల్లలు ఉంటే పిలవండి. మూడింటిలో మీ పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయా చూడమనండి. తర్వాత ఆధార్‌లో పుట్టిన తేదీ చూడమనండి. మన పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అనే ఉంటుంది. పుట్టిన రోజు తెలియక ఆపరేటర్ అలా కొట్టేశాడు. సంవత్సరం కూడా అందాజుగానే వేశాడు. రైతుబీమాకు వయసు ఆధార్ చూసే లెక్కిస్తారు. మీకు అసలు 57 ఏళ్లు ఉండి, ఆధార్‌లో 60 అని ఉంటే, 5 లక్షల బీమా లేనట్టే. పాత బడి సర్టిఫికెట్టు గానీ, ఇంకేదైనా రుజువు గానీ ఉంటే ఆధార్ కేంద్రానికి తీసుకుపోండి. ఆగస్టు లోపే పోండి.